కణంలో ఏం జరుగుతుంది? సికిల్‌సెల్ ఏఎస్, ఎస్‌ఎస్ తేడాను హిమోగ్లోబిన్ నుంచి అర్థం చేసుకోవడం

సిరోంచ నాన్న రాశారు:

సభ్యులందరికీ నమస్కారం. మాది గడ్చిరోలి జిల్లాలోని సిరోంచ తాలూకా. మా అబ్బాయి డిగ్రీ చదువుతూ పోలీసు భర్తీ కోసం రోజూ తెల్లవారకముందే పరుగు సాధన చేస్తున్నాడు. ఈ మధ్య వాళ్ల కాలేజీలో పెట్టిన శిబిరంలో వేలి నుంచి రక్తం తీసి, సికిల్‌సెల్ పాజిటివ్ అన్నారు. తరువాత పెద్ద పరీక్షకు పంపి, కార్డు మీద ఏఎస్ అని రాసి ఇచ్చారు. మా అక్క కూతురికి చిన్నప్పటి నుంచీ ఎస్‌ఎస్ ఉంది. కీళ్ల నొప్పులతో, కళ్లు పచ్చబడి ఆ పిల్ల పడే బాధ మేమందరం చూస్తున్నదే కనుక, పాజిటివ్ అనే మాట వినగానే ఆ పూట మా ఇంట్లో పొయ్యి వెలగలేదు.

నాకు కావలసింది ఓదార్పు కాదు, విషయం. అడిగిన చోటల్లా రక్తం తక్కువని ఒకరు, రక్తం చెడిందని ఒకరు తేల్చేస్తున్నారు. ఒక మందుల దుకాణంలో ఐరన్ టానిక్ సీసాలు చేతిలో పెట్టి పంపారు. పిల్లలు మరాఠీలో చదువుకున్నారు. నేను ఇంట్లో ఆడవాళ్లకు తెలుగులో వివరించాలి. ఎర్ర కణంలో పాడయ్యే భాగం ఏది? లోపం ఒకటే అయినప్పుడు మావాడు పరుగెత్తగలుగుతూ, మా మేనకోడలు మంచాన పడటం ఎందుకు? దయచేసి మూలం నుంచి చెప్పగలరు.

పర్లాకిమిడి లెక్చరరు రాశారు:

అయ్యా, రక్తం చెడింది అనే మాట పట్టుకుంటే ఎక్కడికీ చేరలేము కాబట్టి కణం దగ్గరే మొదలుపెడతాను. ఎర్ర రక్తకణం 7 నుంచి 8 మైక్రోమీటర్ల వెడల్పుతో, రెండు వైపులా మధ్యలో పల్లంగా ఉండే బిళ్ల. మైక్రోమీటరు అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. ఎముకల మూలుగలో రూపుదిద్దుకునేటప్పుడు ఈ కణానికి కూడా మిగతా కణాల లాగే కేంద్రకం, ప్రోటీన్లను తయారుచేసే రైబోసోములు, శక్తినిచ్చే మైటోకాండ్రియా అన్నీ ఉంటాయి. ఆక్సిజన్‌ను మోసే ప్రోటీన్ అయిన హిమోగ్లోబిన్ కావలసినంత తయారయ్యాక అది కేంద్రకాన్ని బయటికి నెట్టేస్తుంది. రక్తంలోకి వచ్చిన ఒకటి రెండు రోజుల్లో మిగిలిన రైబోసోములు, మైటోకాండ్రియా కూడా పోతాయి. ఆ తరువాత బతికే సుమారు 120 రోజులలో ఆ కణం ఒక్క కొత్త ప్రోటీన్‌ను కూడా తయారుచేసుకోలేదు. మూలుగ ఏ ప్రోటీన్లను ఇచ్చి పంపిందో వాటితోనే చివరిదాకా నెట్టుకురావాలి.

ఈ సంగతిని గట్టిగా పట్టుకోండి, మీ ప్రశ్నల్లో సగం వాటంతట అవే విడిపోతాయి. రక్తంలో తిరుగుతున్న కణంలోని హిమోగ్లోబిన్ గొలుసులను ఏ టానిక్కూ, ఏ ఆకుపసరూ సరిదిద్దలేవు. మనకున్న దారులు రెండే: మూలుగలో తయారయ్యే సరుకును మార్చడం, లేదా తయారై వచ్చిన కణం చుట్టూ ఉండే పరిస్థితులను కాపాడటం. వైద్యులు చెప్పే ప్రతి జాగ్రత్తా, ఇచ్చే ప్రతి మందూ ఈ రెండింటిలో ఏదో ఒక దాని కిందికి వస్తుంది.

ఇక ఆ ప్రోటీన్ సంగతి. ఒక్కో ఎర్ర కణంలో దాదాపు 27 కోట్ల హిమోగ్లోబిన్ అణువులు కిక్కిరిసి ఉంటాయి. పెద్దవారిలో ఒక్కో అణువుకు నాలుగు గొలుసులు: రెండు ఆల్ఫా, రెండు బీటా. ఆల్ఫా గొలుసులో ప్రోటీన్‌కు పూసల్లాంటి అమైనో ఆమ్లాలు 141, బీటా గొలుసులో 146 వరుసగా కూర్చి ఉంటాయి. ప్రతి గొలుసూ తనంత తాను ముడుచుకుని, తన మడతల మధ్య హీమ్ అనే చిన్న పళ్లేన్ని పట్టుకుంటుంది; ఆ హీమ్ నడుమ ఉన్న ఇనుము పరమాణువుకే ఆక్సిజన్ తగులుకుంటుంది. నాలుగు గొలుసులకు నాలుగు ఆక్సిజన్ అణువులు. వీటిలో మొదటిది తగులుకోగానే అణువు మొత్తం కాస్త కదిలి, తరువాతి వాటికి చోటు సులువు చేస్తుంది. వాటిని కండరాల్లో వదిలేశాక మళ్లీ పాత ఆకారానికి తిరిగి వస్తుంది. అంటే హిమోగ్లోబిన్‌కు ఆక్సిజన్ ఉన్నప్పుడు ఒక ఆకారం, లేనప్పుడు మరొక ఆకారం. కేంబ్రిడ్జిలో మాక్స్ పెరూట్జ్ 1937లో ఎక్స్‌రేలతో ఈ అణువును పరిశీలించడం మొదలుపెట్టి, దాని నిర్మాణం తేల్చడానికి ఇరవై ఏళ్లకు పైగా శ్రమించారు. ఆయనకూ, జాన్ కెండ్రూకూ 1962లో నోబెల్ బహుమతి వచ్చింది.

మీ మేనకోడలి బీటా గొలుసులో 6వ స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం ఉండవలసిన చోట వాలీన్ అనే మరో అమైనో ఆమ్లం ఉంది. మిగిలినదంతా సరిగానే ఉంది. నాలుగు గొలుసులలో కలిపి 574 అమైనో ఆమ్లాలుంటే, తేడా ఉన్నది ఆ రెండు బీటా గొలుసులలో ఒక్కో చోట మాత్రమే. జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారినందువల్ల వచ్చిన తేడా అది. ఈ హిమోగ్లోబిన్‌నే ఎస్ అంటారు. మామూలుదాన్ని ఏ అంటారు. మీ అబ్బాయికి తల్లిదండ్రులలో ఒకరి నుంచి ఏ, మరొకరి నుంచి ఎస్ వచ్చాయి. మేనకోడలికి ఇద్దరి నుంచీ ఎస్ వచ్చింది.

గుణుపూర్ రైతు రాశారు:

మాస్టారూ, నమస్కారం. హిమోగ్లోబిన్ ప్రోటీనే అయినప్పుడు గుడ్లు, పప్పులు, మాంసం బాగా పెడితే మంచి హిమోగ్లోబిన్ తయారు కాదా? మా వైపు పిల్లలకు రాగి అంబలి, బెల్లం, మునగాకు పెట్టమంటారు. అందులో నిజమెంత?

పర్లాకిమిడి లెక్చరరు రాశారు:

మనం తిన్న ప్రోటీన్ ఏదీ ఉన్నది ఉన్నట్టుగా రక్తంలో చేరదు. జీర్ణాశయంలోనూ చిన్న పేగులోనూ అది అమైనో ఆమ్లాలుగా విడిపోతుంది, మూలుగలోని కణాలు వాటిని తీసుకుని తమ జన్యువులో ఉన్న వరుస ప్రకారం కొత్త గొలుసులు అల్లుకుంటాయి. జన్యువులో 6వ చోట వాలీన్ అని రాసి ఉన్నంతకాలం, ఇంట్లో గ్లుటామిక్ ఆమ్లం ఎంత పెట్టినా అక్కడ వాలీనే పడుతుంది. అయితే ఎస్‌ఎస్ పిల్లల కణాలు 120 రోజులకు బదులు 10 నుంచి 20 రోజులలోనే చితికిపోతాయి కనుక వారి మూలుగ ఎన్నో రెట్లు ఎక్కువగా పనిచేయవలసి వస్తుంది. దానికి ముడిసరుకు తప్పక కావాలి. పప్పు, గుడ్డు, ఆకుకూరలు ఆ మేరకు అవసరమే. కణాలు విభజన చెందడానికి ఫోలిక్ ఆమ్లం ముఖ్యం కనుక ఆ బిళ్లలు ఇస్తారు. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో నడిపిన బృందమే 1940ల్లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసిందని ఈ సందర్భంలో తలచుకోవాలి.

రాయగడ ల్యాబు రాశారు:

నేను రక్త పరీక్షల పని చేస్తాను. శిబిరంలో చెప్పిన పాజిటివ్ అనే మాట ఇన్ని ఇళ్లలో ఇంత గుబులు పుట్టిస్తున్నది కనుక ఆ పరీక్ష ఏం చూస్తుందో చెప్పాలనిపించింది. ఒక చిన్న గాజు గొట్టంలో గాఢమైన ఫాస్ఫేట్ ద్రావణం ఉంటుంది. అందులో రెండు రసాయనాలు కలిపి ఉంటాయి: ఒకటి కణాల పొరను పగలగొట్టి హిమోగ్లోబిన్‌ను బయటికి తెస్తుంది, రెండోది డైథయోనైట్, అది హిమోగ్లోబిన్ నుంచి ఆక్సిజన్‌ను లాగేస్తుంది. వేలి నుంచి తీసిన కొద్ది మైక్రోలీటర్ల రక్తం అందులో వేసి, కలిపి, కొన్ని నిమిషాలు ఆగుతాము. గొట్టం వెనుక నల్ల గీతలున్న కాగితం పెడతాము. మామూలు రక్తమైతే ఎర్రగా తేటగా ఉండి గీతలు కనిపిస్తాయి. ఎస్ ఉంటే అది కరగకుండా నిలిచి ద్రావణం మసకబారుతుంది, గీతలు కనబడవు. ఇంతే ఆ పరీక్ష. ఎస్ ఉన్నదా లేదా అని మాత్రమే అది చెబుతుంది. ఏఎస్ అయినా ఎస్‌ఎస్ అయినా గీతలు మాయమవుతాయి. కాబట్టి ఆ దశలో ఎవరికీ జబ్బు ఉందని చెప్పకూడదు, జబ్బు లేకుండా జన్యువును మోసే వాహకుడని, అంటే ఏఎస్ అని, కూడా తేల్చకూడదు, రెండో పరీక్షకు పంపాలి. ఆరు నెలల లోపు పసిపిల్లల్లో ఇది నమ్మదగిన పరీక్ష కాదు, ఎందుకంటే వారిలో అప్పటికింకా గర్భస్థ హిమోగ్లోబిన్ ఎక్కువగా ఉంటుంది. ఈ మధ్యే రక్తం ఎక్కించుకున్నవారి ఫలితమూ తప్పుదారి పట్టించవచ్చు.

రెండో పరీక్ష విద్యుత్ క్షేత్రంలో నడిపే ఎలక్ట్రోఫోరెసిస్ గానీ, హిమోగ్లోబిన్ రకాలను వేరుచేసి ఒక్కోదాని శాతం చెప్పే హెచ్‌పీఎల్‌సీ గానీ. గ్లుటామిక్ ఆమ్లానికి రుణ విద్యుదావేశం ఉంటుంది, వాలీన్‌కు ఏ ఆవేశమూ లేదు. బీటా గొలుసులు రెండు కనుక ఎస్ అణువుకు రెండు రుణావేశాలు తగ్గుతాయి. క్షార ద్రావణంలో విద్యుత్తు పెడితే ఏ ముందుకు పోతుంది, ఎస్ వెనుకబడుతుంది; ఏఎస్ వారిలో రెండు పట్టీలూ విడివిడిగా కనిపిస్తాయి. లైనస్ పౌలింగ్, హార్వీ ఇటానో తదితరులు 1949లో ఈ తేడానే చూసి, ఇది ఒక అణువుకు వచ్చిన జబ్బు అని ప్రకటించారు. ఆ తేడా ఏ అమైనో ఆమ్లంలో ఉందో కేంబ్రిడ్జిలో వెర్నన్ ఇంగ్రామ్ ట్రిప్సిన్ అనే ఎంజైముతో గొలుసులను ముక్కలు చేసి 1956, 57ల్లో తేల్చారు. నేను ఆ పట్టీని చూసిన ప్రతిసారీ, ఒక్క అమైనో ఆమ్లం తేడా కంటికి కనిపించే దూరంగా మారుతున్నదని విస్మయం కలుగుతుంది.

సిరోంచ అన్నయ్య గారు కాగితంలో ఎస్ శాతం చూడండి. ఏఎస్ వారిలో ఎస్ సాధారణంగా 40 శాతం దాటదు, ఏ దానికంటే ఎక్కువ ఉంటుంది. ఆల్ఫా గొలుసులు కూడా తక్కువగా తయారయ్యే ఆల్ఫా థలసీమియా లక్షణం కలిసి ఉంటే ఎస్ ఇంకా తగ్గుతుంది. ఎస్ ఎక్కువై ఏ అసలే లేకపోయినా, చాలా తక్కువ ఉన్నా అది వేరే సంగతి; బీటా గొలుసులు తక్కువగా తయారయ్యే బీటా థలసీమియా కలిసిందేమో చూడాలి, అప్పుడు తల్లిదండ్రుల రక్తం కూడా అడుగుతాము.

బరంపురం పరిశోధకురాలు రాశారు:

ఎస్ అణువులు ఎందుకు ఒకదానికొకటి అతుక్కుంటాయో, ఏఎస్ వారిలో ఎందుకు అతుక్కోవో చెప్పే ప్రయత్నం చేస్తాను. ఇదే ఈ చర్చకు ఆయువుపట్టు అని నా అభిప్రాయం.

గ్లుటామిక్ ఆమ్లం నీటితో హాయిగా మెలిగే గుణం కలది. వాలీన్ నీటికి ఎడంగా ఉండాలని చూస్తుంది. ఎస్ అణువు ఉపరితలం మీద ఆ వాలీన్ నీటిలోకి పొడుచుకుని ఉంటుంది. ఆక్సిజన్ వదిలేసిన ఆకారంలో, పక్క అణువు బీటా గొలుసు మీద 85వ ఫినైల్ అలనీన్‌కూ 88వ లూసీన్‌కూ నడుమ ఒక చిన్న గుంట తెరుచుకుని ఉంటుంది. వాలీన్ నీటి నుంచి తప్పుకుని సరిగ్గా ఆ గుంటలో ఇమిడిపోతుంది. ఆక్సిజన్ ఉన్న ఆకారంలో ఆ అమరిక కుదరదు. అందుకే ఊపిరితిత్తుల్లో ఏమీ కాదు. ఆక్సిజన్ ఇచ్చేసిన తరువాత, తిరుగుప్రయాణంలో ప్రమాదం. ఒకదాని వెంట ఒకటి తగులుకుంటూ పోయి అణువులు పోగులవుతాయి, 14 పోగులు కొబ్బరి తాడు పేనినట్టు మెలికపడి ఒక గట్టి తంతువు అవుతుంది. అలాంటి తంతువులు బిళ్ల లాంటి కణాన్ని లోపలి నుంచి పొడిచి, కొడవలి ఆకారానికి సాగదీస్తాయి.

చాలామంది పట్టించుకోని విషయం ఇక్కడుంది. ఆక్సిజన్ పోయిన మరుక్షణమే తంతువులు పుట్టవు. మొదట కొన్ని అణువులు కూడి ఒక చిన్న గుంపు కావాలి, దానికి కొంత సమయం పడుతుంది. ఆ గుంపు ఏర్పడ్డాక మాత్రం తంతువు క్షణాల్లో పెరిగిపోతుంది. ఆ ఆలస్యం కణంలోని ఎస్ గాఢత మీద ఎంత తీవ్రంగా ఆధారపడుతుందంటే, గాఢతకు దాదాపు 30వ ఘాతానికి విలోమంగా మారుతుందని విలియం ఈటన్, జేమ్స్ హాఫ్రిక్టర్ చూపించారు. గాఢత కొద్ది శాతం తగ్గినా సమయం ఎన్నో రెట్లు పెరుగుతుందన్నమాట. ఎర్ర కణం సన్నని కేశనాళికలోంచి దాటడానికి ఒక సెకను దాకా, అక్కడి నుంచి ఊపిరితిత్తులకు చేరడానికి పది, పదిహేను సెకన్లు పడతాయి. ఆలస్యం అంతకంటే ఎక్కువ ఉంటే కణం మళ్లీ ఆక్సిజన్ అందుకుంటుంది, ఏ హానీ జరగదు. తక్కువ ఉంటే నాళంలోనే బిగుసుకుని దారి మూసేస్తుంది; మీ మేనకోడలి నొప్పులకు మూలం అదే. ఏఎస్ వారి ప్రతి కణంలో ఏ, ఎస్ రెండూ కలిసే ఉంటాయి. ఎస్ గాఢత తగ్గడం వల్ల ఆ ఆలస్యం చాలా పెరిగి, కణం బిగుసుకునేలోపే ఊపిరితిత్తులు చేరుతుంది. మీ అబ్బాయి పరుగెత్తగలగడానికి కారణం ఇదే.

ఇక పొర సంగతి. ఎర్ర కణం పొర కింద స్పెక్ట్రిన్ అనే పొడవైన ప్రోటీన్లు వలలా అల్లుకుని, యాంకిరిన్ అనే మరో ప్రోటీన్ సాయంతో పొరకు బిగించి ఉంటాయి. రక్తాన్ని వడగట్టే అవయవమైన ప్లీహంలో తన వెడల్పులో నాలుగో వంతు కూడా లేని సందుల గుండా కణం దూరి, అవతల మళ్లీ బిళ్లగా విప్పారుతుందంటే ఆ వల సాగే గుణమే కారణం. పొరలో ఇంకొక ప్రోటీన్ రసాయన శక్తిని ఖర్చుపెట్టి ప్రతిసారీ మూడు సోడియం అయాన్లను బయటికి, రెండు పొటాషియం అయాన్లను లోపలికి తోస్తూ కణంలో నీటి మట్టాన్ని కాపాడుతుంది. ఎస్‌ఎస్ కణం పదేపదే సాగి ముడుచుకునేసరికి ఈ పొర దెబ్బతింటుంది, పొటాషియం కారిపోతుంది, దాని వెంటే నీరూ పోతుంది. నీరు పోతే గాఢత పెరుగుతుంది, గాఢత పెరిగితే ఆలస్యం ఇంకా తగ్గుతుంది. నొప్పి ఒకసారి మొదలైతే తనను తాను పెంచుకుంటూ పోవడానికి ఈ గొలుసుకట్టు కూడా ఒక కారణం.

చంద్రపూర్ సిస్టర్ రాశారు:

నేను నర్సుగా పనిచేస్తున్నాను. పై అమ్మాయి చెప్పినది చదివాక మేము వార్డులో చెప్పే జాగ్రత్తలకు అర్థం ఎక్కడ ఉందో అందరికీ తెలిసి ఉంటుంది. నీళ్లు బాగా తాగమనడం కణంలోని గాఢతను తగ్గించడానికి. చలిలో చన్నీళ్ల స్నానం వద్దనడం నాళాలు ముడుచుకుని కణం అక్కడే ఆగిపోకుండా ఉండటానికి. విరేచనాలు, వాంతులు అయితే ఆలస్యం చేయకుండా తీసుకురమ్మనడమూ అందుకే.

జ్వరం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఎస్‌ఎస్ పిల్లల్లో ప్లీహం సందుల్లో కణాలు ఇరుక్కుని, క్రమంగా అది తన కాపలా పని చేయలేకపోతుంది. న్యూమోకాకస్ లాంటి సూక్ష్మజీవులు రక్తంలో వేగంగా పెరుగుతాయి. అందువల్ల ఎస్‌ఎస్ బిడ్డకు జ్వరం వస్తే పొద్దున చూద్దామని ఆగకూడదు, ఇంటి దగ్గర మాత్ర వేసి పడుకోబెట్టకూడదు. ఉన్నట్టుండి బిడ్డ పాలిపోయి, ఎడమ పక్కటెముకల కింద పొట్ట ఉబ్బితే రక్తం ప్లీహంలో నిలిచిపోయిందేమోనని అనుమానించాలి. అది ప్రాణం మీదికి వచ్చే స్థితి.

టానిక్ విషయం. ఎస్‌ఎస్ వారిలో రక్తం తగ్గడం ఇనుము లేక కాదు, కణాలు తొందరగా చితికి. చితికిన కణంలోని ఇనుమును శరీరం పారేయదు, దాచుకుంటుంది. ఫెరిటిన్ అనే ప్రోటీన్ గుల్ల ఒక్కోటి 4,500 ఇనుము పరమాణువుల దాకా పట్టగలదు. పైగా రక్తం ఎక్కించిన ప్రతిసారీ కొత్త ఇనుము చేరుతుంది. అది కాలేయానికీ గుండెకూ చేటు. కాబట్టి రక్తంలో ఫెరిటిన్ పరీక్ష చేసి, నిజంగా తక్కువని తేలితేనే ఐరన్ ఇవ్వాలి. మీ అబ్బాయికి కూడా ఆ పరీక్ష లేకుండా ఆ సీసాలు విప్పకండి.

కోరాపుట్ ఉద్యోగి రాశారు:

మా జిల్లాలోనూ మల్కనగిరిలోనూ మలేరియా పాత శత్రువు. ఏఎస్ వారికి మలేరియా రాదని ఇక్కడ చాలామంది నమ్మకం. అది సరైనదేనా? మలేరియాకు ఇచ్చిన మాత్రలతో ఒకతనికి మూత్రం నల్లగా వచ్చిందని విన్నాము, అది కూడా సికిల్‌సెల్ వల్లేనా?

బరంపురం పరిశోధకురాలు రాశారు:

రాదని కాదు. ఏఎస్ వారికి ఫాల్సిపేరం మలేరియా సోకుతుంది కానీ మెదడుకెక్కి ప్రాణం తీసే దశకు చేరడం చాలా తక్కువ. ఆంథొనీ ఆలిసన్ 1954లో తూర్పు ఆఫ్రికాలో ఈ సంగతి చూపించారు. మలేరియా ఉన్న నేలల్లో ఈ జన్యువు తరతరాలుగా నిలిచి ఉండటానికి కారణం ఇదే. మన దేశంలో 1952లో రెండు చోట్ల దీన్ని గుర్తించారు: నీలగిరి కొండల గిరిజనుల్లో లేమన్, కట్‌బుష్, ఎగువ అస్సాం తేయాకు తోటల కూలీలలో డన్‌లప్, మజుందార్. ఎస్‌ఎస్ వారికి మాత్రం మలేరియా రక్షణ లేదు సరికదా, అది వస్తే అత్యంత ప్రమాదకరం. దోమతెర వాళ్లకు మరింత అవసరం.

నల్లని మూత్రం సాధారణంగా వేరొక ప్రోటీన్ లోపం వల్ల వస్తుంది. జీ6పీడీ అనే ఎంజైము ఎర్ర కణాన్ని ఆక్సీకరణ దెబ్బ నుంచి కాపాడుతుంది. మాస్టారు చెప్పినట్టు కణం కొత్త ప్రోటీన్ చేసుకోలేదు కనుక, లోపమున్న ఎంజైము కణం వయసు పెరిగేకొద్దీ ఇంకా క్షీణిస్తుంది. ప్రైమాక్విన్ వంటి మందు పడితే ముసలి కణాలు ముందుగా పగిలి, హిమోగ్లోబిన్ మూత్రంలోకి వస్తుంది. దీని జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది కాబట్టి మగవారిలో ఎక్కువగా బయటపడుతుంది. వైవాక్స్ మలేరియాకు 14 రోజుల ప్రైమాక్విన్ ఇచ్చే ముందు ఈ పరీక్ష చేయించుకోవడం మేలు. మూత్రం రంగు మారితే మాత్ర ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

సిరోంచ నాన్న రాశారు:

మీ అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. రెండు రోజులుగా ఇది ఇంట్లో చదివి వినిపిస్తున్నాను. అబ్బాయి కాగితంలో ఎస్ 36 శాతం అని ఉంది. ఇంకా మూడు విషయాలు అడగాలి. వాడు 1600 మీటర్ల పరుగు మానాలా? ఇంట్లో పెద్దవాళ్లు చిన్నప్పటి నుంచీ మేనరికం అనుకుంటున్నారు, అంటే మావాడికీ ఆ ఎస్‌ఎస్ పిల్లకూ. దానికి ఏం చెప్పాలి? ఆ పిల్లకు డాక్టరు గారు హైడ్రాక్సీయూరియా రాశారు, అది క్యాన్సర్ మందని ఎవరో చెప్పగా మా బావ భయపడి ఆపేశారు. అది సరైనదేనా?

చంద్రపూర్ సిస్టర్ రాశారు:

పరుగు మానవలసిన అవసరం లేదు అన్నయ్యా. ఏఎస్ ఉన్నవారు పరుగులోనూ సైన్యంలోనూ ఎందరో ఉన్నారు. కానీ ఎండలు మండే నెలల్లో, నీళ్లు లేకుండా, ఒక్కసారిగా శక్తికి మించి పరుగెత్తితే కండరాల్లో ఆమ్లం పెరిగి, ఒంటి వేడి పెరిగి, నీరు తగ్గి, ఏఎస్ కణాలు కూడా బిగుసుకునే పరిస్థితి అరుదుగా వస్తుంది. కండరాలు చితికి మూత్రపిండాలు దెబ్బతిన్న సందర్భాలున్నాయి. కాబట్టి దూరాన్ని మెల్లమెల్లగా పెంచాలి, నీళ్లు తాగుతూ ఉండాలి, జ్వరంగా ఉన్న రోజు విశ్రాంతి తీసుకోవాలి. తొడల్లో, నడుములో అసాధారణమైన నొప్పి గానీ నీరసం గానీ వస్తే పంతానికి పోయి పరుగు పూర్తిచేయకుండా అక్కడే ఆగాలి. ఈ మాట శిక్షకుడికి కూడా ముందే చెప్పి ఉంచాలి.

పర్లాకిమిడి లెక్చరరు రాశారు:

మేనరికం సంగతి నేను చెబుతాను, ఎందుకంటే ఇది మన ఇళ్లలో మొహమాటంతో దాటవేసే మాట. మీ మేనకోడలు ఎవరికైనా ఇవ్వగలిగేది ఎస్ ఒక్కటే. మీ అబ్బాయి ఏ ఇవ్వవచ్చు, ఎస్ ఇవ్వవచ్చు. కాబట్టి వారికి కలిగే ప్రతి గర్భంలోనూ బిడ్డ ఎస్‌ఎస్ అయ్యే అవకాశం సగం, ఏఎస్ అయ్యే అవకాశం సగం. పూర్తిగా మామూలు బిడ్డ పుట్టే వీలే లేదు. ఇద్దరూ ఏఎస్ అయితే ప్రతి గర్భంలో నాలుగో వంతు ఎస్‌ఎస్. మొదటి బిడ్డకు వచ్చింది కనుక రెండో బిడ్డకు రాదన్న లెక్క ఇక్కడ పనికిరాదు, ప్రతిసారీ లెక్క మొదటి నుంచే. మేనరికమైనా బయటి సంబంధమైనా, మాట ఖాయం చేసుకోకముందే రెండు వైపులా హెచ్‌పీఎల్‌సీ కాగితాలు చూసుకోవాలి. మీ అబ్బాయి ఏఏ అమ్మాయిని చేసుకుంటే పిల్లల్లో ఎవరికీ ఎస్‌ఎస్ రాదు. అప్పటికే ఇద్దరు ఏఎస్ వారికి పెళ్లయి ఉంటే, గర్భం మొదటి నెలల్లోనే బిడ్డ జన్యువును పరీక్షించే సౌకర్యం పెద్ద ఆసుపత్రులలో ఉంది. ఆ పిల్ల ముందు మాత్రం ఈ మాటను ఆమె తప్పిదంలా ఎవరూ మాట్లాడకూడదు. ఆమె జన్యువులో సగం మీ అక్క గారిది, సగం మీ బావ గారిది.

బరంపురం పరిశోధకురాలు రాశారు:

హైడ్రాక్సీయూరియా గురించి. కడుపులో ఉన్న బిడ్డకు బీటా గొలుసులకు బదులు గామా గొలుసులతో కూడిన గర్భస్థ హిమోగ్లోబిన్ ఉంటుంది. గామా గొలుసు 87వ స్థానంలో వేరే అమైనో ఆమ్లం ఉండటం లాంటి కారణాల వల్ల అది ఎస్ తంతువులో ఇమడదు, పైగా తంతువు పెరగకుండా అడ్డుపడుతుంది. ఎస్‌ఎస్ బిడ్డ పుట్టినప్పుడు ఆరోగ్యంగా ఉండి, గామా తగ్గి బీటా పెరిగే ఆరో నెల ప్రాంతంలో చేతులూ కాళ్లూ వాయడం అందుకే. హైడ్రాక్సీయూరియా ఈ గామా గొలుసుల తయారీని మూలుగలో మళ్లీ కొంత పెంచుతుంది. మాస్టారు మొదట చెప్పిన రెండు దారుల్లో ఇది మొదటిది. కొన్ని క్యాన్సర్లకు కూడా ఇదే మందు వాడతారన్నది నిజం, కానీ ఇక్కడి ఉద్దేశం వేరు, మోతాదు వైద్యుడు బరువును బట్టి నిర్ణయిస్తారు. తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు తగ్గవచ్చు కనుక క్రమం తప్పకుండా రక్త పరీక్ష చేయించాలి. గర్భం కోరుకునే సమయంలో వాడకూడదు. అమెరికాలో 1998లో ఈ జబ్బుకు దీన్ని అనుమతించారు, మన దేశంలోనూ వాడుతున్నారు.

గామాను అణచి ఉంచే బీసీఎల్11ఏ అనే ప్రోటీన్‌ను మూలుగ కణాలలో తగ్గించే జన్యు సవరణ చికిత్సకు 2023లో బ్రిటన్, అమెరికా అనుమతి ఇచ్చాయి. దాని ఖరీదు మన సామాన్య కుటుంబాలకు అందనిది. ఒడిశా, మధ్య భారతంలోని వారిలో ఎస్ జన్యువుతో పాటు గర్భస్థ హిమోగ్లోబిన్‌ను సహజంగానే కొంత ఎక్కువగా ఉంచే జన్యు నేపథ్యం సాధారణం. అది ఆఫ్రికా రోగులతో పోలిస్తే మనవారికి కొంత మేలు. అయినా నొప్పులు, ఇన్ఫెక్షన్లు, పక్షవాతం మనవారిలోనూ ఉన్నాయి కనుక, తేలికపాటి జబ్బే అని మందు మానేయడం సరికాదు. మీ బావ గారిని ఆ పిల్లను తీసుకుని రాసిన డాక్టరు దగ్గరికే వెళ్లమనండి.

రాయగడ ల్యాబు రాశారు:

అన్నయ్యా, మందు మళ్లీ మొదలుపెట్టేముందు పాత హెచ్‌పీఎల్‌సీ కాగితం వెతికి పెట్టుకోండి. అందులో ఎఫ్ అనే అక్షరం ఎదురుగా ఒక శాతం ఉంటుంది, అదే గర్భస్థ హిమోగ్లోబిన్. కొన్ని నెలలు మందు వాడాక డాక్టరు గారు చేయించే పరీక్షలో ఆ అంకెతో పాటు, మామూలు రక్త పరీక్షలో ఎంసీవీ అని ఉండే కణం సగటు పరిమాణం కూడా పెరుగుతున్నదేమో చూడమని అడగండి. రెండూ పెరుగుతూ, నొప్పితో ఆసుపత్రికి వెళ్లే అవసరం తగ్గుతుంటే మందు మూలుగలో పనిచేస్తున్నట్టే. ఈ మధ్యలో రక్తం ఎక్కించవలసి వస్తే ఆ తేదీని కూడా కాగితం మీద రాసి ఉంచండి, లేకపోతే తరువాతి పరీక్షలో కనిపించే ఏ ఎవరిదో మాకు తెలియదు.